ఇంటిలోని స్పిరిటు

పెద్దదోర్నాల మీదుగా శ్రీశైలయాత్రకు పోయినవారికి నల్లమల యడవి క్రొత్త కాదు. ఎండలు ముదురుచున్న దినములలో నచ్చటి యిప్పచెట్లనుండి తెల్లవారుజామున పూవులు జలజల రాలును. చెంచుస్త్రీలు వాని నేరి యెండబెట్టుదురు. తియ్యని యా పూవులు ఆహారముగా నుపయోగపడును. వానినే నీటిలో నానవేసి పులియనిచ్చినచో, ఈస్టు అను సూక్ష్మజీవులు పూవులలోని చక్కెరను తిని మద్యసారమును, బొగ్గుపులుసు వాయువును పుట్టించును. నీరు 100 డిగ్రీలకు మరగును. మద్యసారము 78 డిగ్రీలకే మరగును. కావున పులిసినదానిని కాచి, ముందుగా లేచు నావిరిని చల్లార్చినచో సారా దిగును.

సారా యనగానే మన గృహిణులు మొగము త్రిప్పుకొందురు. అందు తప్పు లేదు. 1992 లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపింపగా, 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వము సారాను నిషేధించెను. త్రాగుడు ద్వేషింపవలసినదే. కాని మద్యసారము మన యిండ్లలోనే యనేక రూపముల నున్నది. దాని గుణములు తెలియకుండుట గొప్ప ప్రమాదము.

ఆ ప్రమాదమెట్టిదో 2020 లో చూచితిమి. ఆ సంవత్సరము జూలై చివర, ప్రకాశము జిల్లా కురిచేడులో, కరోనా కట్టుబాట్లవలన మద్యపు దుకాణములు మూతబడియుండగా, త్రాగుడున కలవాటుపడిన కొందరు చేతులకు రాచుకొను శానిటైజరును త్రాగిరి. పదిమందికి మించి మరణించిరి. "ఏ స్పిరిటైన నేమి, అంతయు నొక్కటే" యను భ్రమ యెంతటి యనర్థమునకు దారితీయునో దీనివలన తెలియుచున్నది.

మద్యసారము ఒక్క వస్తువు కాదు, అదియొక కుటుంబము. ఒకే యింటిపేరు గలవారందరు నొకే స్వభావము గలవారు కారుగదా!

ఇందు మొదటిది ఇథైలు మద్యసారము. ఇప్పపూవులనుండి, చెరకుమడ్డినుండి, ధాన్యమునుండి వచ్చునది యిదియే. టింక్చరులలోను, సెంట్లలోను, హోమియోపతి మందులలోను దీనిని వాడుదురు. చేతుల క్రిములను చంపుటకు నూటికి 60 మొదలు 80 వంతుల బలము గలది చాలును. కొంత నీరు చేరియున్నపుడే యది బాగుగ పనిచేయును. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో నూటికి 20 వంతులవరకు దీనిని కలుపుట జరిగినది.

రెండవది మిథైలు మద్యసారము. పూర్వము కఱ్ఱను బట్టీలో కాచి తీసిరి. నేడు ఎక్కువగా సహజవాయువునుండి తీయుచున్నారు. చెక్కల నతుకు జిగురులకు, రంగులకు, ప్లాస్టిక్కులకు ఇది కావలయును. చూపునకు మొదటిదానివలెనే యుండును గాని యిది ఘోరవిషము. కడుపున బడినపిమ్మట చీమ కాటులోనుండు నామ్లముగా మారి, కంటినరమును చెఱచును, ప్రాణమునే తీయవచ్చును. 2020 లోనే అమెరికా ఔషధశాఖవారు కొన్ని శానిటైజరులలో నీ విషమును కనుగొని, వానిని వాడవలదని హెచ్చరించిరి.

ఈ కుటుంబమున సాధువులును గలరు. సబ్బు చేయునపుడు నూనెలనుండి వచ్చు గ్లిసరిన్ ఒక మద్యసారమే. చలికాలమున పగిలిన పెదవులకు మనము రాచుకొనునది యిదియే. పుదీనాజాతి మొక్కలనుండి తీయు మెంథాలును ఈ వంశములోనిదే.

ఇథైలు మద్యసారమును గంధకికామ్లముతో కాచినచో ఈథరు పుట్టును. 1846 అక్టోబరు 16 న బోస్టను నగరమున మోర్టను అను దంతవైద్యుడు దీనిని పీల్పించి, రోగికి నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స జరుగునట్లు చేసెను. మఱుసటి జనవరిలోనే ఎడింబరోలో సింప్సను అను వైద్యుడు ప్రసవవేదన తగ్గించుటకు దీనిని వాడెను. ఇది సులభముగ నంటుకొనును గాన నేటి ఆసుపత్రులలో దీనికి బదులుగా వేఱు మందులు వచ్చినవి. వానిలో సెవోఫ్లూరేన్ వంటివి ఈథరుజాతివే.

ఇక గృహిణి చేయవలసినదేమి? శానిటైజరు రాచుకొన్న చేతులు పూర్తిగా నారినపిమ్మటనే పొయ్యి వెలిగింపవలయును. స్పిరిటును పానీయపు సీసాలలో పోయరాదు, పిల్లల చేతికందనీయరాదు. చీటీ లేని సీసాను కొనరాదు.

ఎవరైన పొరపాటున గాని, వ్యసనముచేత గాని అట్టిది త్రాగినచో, బాగుగనే యున్నారుగదా యని యూరకుండరాదు. మిథైలు విషము పూట గడచిన తరువాత, ఒక్కొక్కపుడు దినము గడచిన తరువాత గాని బయటపడదు. చూపు మసకబారువఱకు వేచియున్నచో నాలస్యమగును. బలవంతముగా వాంతి చేయింపక, ఆ సీసాతోసహా వెంటనే ఆసుపత్రికి కొనిపోవలయును. దీనికి విరుగుడు కలదు. నలుగురిలో పరువు పోవునని దాచిపెట్టుట తగదు. పరువుకంటె ప్రాణము ముఖ్యము.