కప్పు తిప్పి చూడండి: పాత డానిష్ టీ సెట్ల కథ

ఈసారి మన మ్యాగజైన్‌కి కాస్త వింత టాపిక్ తెచ్చాను. స్టాంపులు, నాణేలు సేకరించేవాళ్లు మనందరికీ తెలుసు. పాత డెన్మార్క్ టీ సెట్లు సేకరించేవాళ్లు కూడా చాలా దేశాల్లో ఉన్నారు. మా పిన్ని వాళ్లు కోపెన్‌హాగెన్‌లో ఉంటారు. అక్కడి సెకండ్ హ్యాండ్ షాపుల్లో నచ్చిన కప్పు కనిపిస్తే పిన్ని ఫొటో పంపుతుంది. అది ఎప్పటిదో, ఎవరు చేశారో కనిపెట్టడం నా డ్యూటీ. ప్రస్తుతం నా దగ్గరున్నవి మూడు కప్పులు, రెండు సాసర్లు. దీన్ని కలెక్షన్ అంటే మా అమ్మ నవ్వుతుంది. "పగిలిపోయేవాటి మీద ఇంత పిచ్చేంటి?" అని అడుగుతుంది కూడా.

ఆ ప్రశ్నకి జవాబే ఈ వ్యాసం అనుకోండి. కప్పు మీద పువ్వులు అందరికీ కనిపిస్తాయి. కానీ అసలు సమాచారం అంతా అడుగున ఉంటుంది. ఆ అడుగు చదవడం వస్తే డబ్బు పెట్టేటప్పుడు మోసపోము. ఆ కప్పు ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో కూడా కొంత తెలుస్తుంది.

ముందు మట్టి సంగతి

మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయి? కుండకి కంటికి కనపడని రంధ్రాలు ఉంటాయి కాబట్టి. కుమ్మరి ఆవంలో వేడి ఒక హద్దు దాటదు, మట్టి రేణువులు పూర్తిగా కరిగి అతుక్కోవు. తగిన మట్టిని తీసుకుని సుమారు 1200 నుంచి 1300 డిగ్రీల సెల్సియస్ దాకా కాలిస్తే రేణువుల మధ్య భాగం గాజులా మారి రంధ్రాలు మూసుకుపోతాయి. అదే స్టోన్‌వేర్. మనకి ఇది కొత్త వస్తువేం కాదు. అమ్మమ్మ వాళ్లింట్లో ఆవకాయ జాడీ ఉంది చూశారా, అది ఈ కుటుంబానిదే. నూనె, ఉప్పు, పులుపు ఏడాదంతా అందులోనే ఉన్నా జాడీ పీల్చుకోదు. డానిష్ స్టోన్‌వేర్ టీ పాట్‌ని దానికి దూరపు చుట్టం అనొచ్చు.

పింగాణీ ఇంకో మెట్టు పైన. కయోలిన్ అనే తెల్ల బంకమట్టి, ఫెల్డ్‌స్పార్, పలుగురాయి పొడి కలిపి దాదాపు 1400 డిగ్రీల దాకా కాలుస్తారు. తెల్లగా, గట్టిగా, పల్చగా వస్తుంది. తేడా తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. కప్పు లోపల ఫోన్ టార్చ్ పెట్టండి. వెలుగు బయటికి కనిపిస్తే పింగాణీ, కనిపించకపోతే స్టోన్‌వేర్ అనుకోవచ్చు. మూడోది ఫాయెన్స్. ఇది తక్కువ వేడిలో కాల్చిన మట్టి మీద గ్లేజ్ పూత వేసి చేసేది. చూడటానికి పింగాణీలా ఉన్నా వెలుగు రానివ్వదు, అంచులు త్వరగా ఊడతాయి. అమ్మేవాళ్లు మూడింటినీ "పోర్సలిన్" అనే అంటుంటారు, అందుకే ఈ తేడా మనకే తెలిసి ఉండాలి.

మూడు అలలు, మూడు బురుజులు

18వ శతాబ్దంలో యూరప్‌కి చైనా నుంచి టీ, పింగాణీ రెండూ ఓడల్లో వచ్చేవి. డెన్మార్క్‌కి కూడా ఏషియాటిక్ కంపెనీ అని ఒకటి ఉండేది. మన పక్కనే తమిళనాడు తీరంలో తరంగంబాడి 1620 నుంచి 1845 దాకా డెన్మార్క్ చేతిలోనే ఉంది. వాళ్లు ఆ ఊరిని ట్రాంకేబార్ అనేవారు. కోపెన్‌హాగెన్‌లోని అల్యూమినియా అనే ఫ్యాక్టరీ తర్వాత కాలంలో ఒక నీలం ఫాయెన్స్ సెట్‌కి ఆ పేరే పెట్టింది. ఇవాళ కలెక్టర్లు "ట్రాంకేబార్ కప్పు" అని వెతికేది దాన్నే.

పింగాణీని బయట నుంచి కొనడం కన్నా సొంతంగా చేసుకోవాలని అప్పట్లో ప్రతి రాజ్యానికీ ఉండేది. డెన్మార్క్‌లో ఆ పని చేసింది ఫ్రాంట్స్ హైన్రిక్ ముల్లర్ అనే కెమిస్ట్. రాణి జూలియానే మారీ అండతో 1775లో ఆయన మొదలుపెట్టిన ఫ్యాక్టరీనే రాయల్ కోపెన్‌హాగెన్. దాని గుర్తు నీలం రంగులో మూడు అలలు. డెన్మార్క్‌లోని మూడు జలసంధులకి అవి సంకేతం. వాళ్ల మొట్టమొదటి డిజైన్ బ్లూ ఫ్లూటెడ్. చైనా పువ్వుల డిజైన్‌ని యూరప్ వాళ్లు తమ పద్ధతిలో మార్చుకున్నది అది. ఫ్యాక్టరీ లెక్కలో దాని నంబర్ 1.

రెండో పెద్ద పేరు బింగ్ అండ్ గ్రోన్‌డాల్. 1853లో మొదలైంది. గుర్తు మూడు బురుజులు, కోపెన్‌హాగెన్ నగర చిహ్నం నుంచి తీసుకున్నారు. సముద్రపు కొంగలు ఎగురుతున్న లేత నీలం సెట్ ఒకటి చాలా డానిష్ ఇళ్లలో కనిపిస్తుంది. ఫానీ గార్డె అనే ఆవిడ 1890ల్లో వేసిన డిజైన్ అది, ఈ కంపెనీదే. 1987లో రెండు కంపెనీలూ కలిసిపోయాయి.

అడుగున ఒక అరే

మన బ్రాంచ్ వాళ్లకి బాగా నచ్చే భాగం ఇదే. 1935 నుంచి రాయల్ కోపెన్‌హాగెన్ తన గుండ్రటి ముద్రలో సంవత్సరాన్ని దాచడం మొదలుపెట్టింది. కంపెనీ పేరులో ఇంగ్లీషు అక్షరాలు లెక్కపెట్టండి. రాయల్‌కి 5, కోపెన్‌హాగెన్‌కి 10, మొత్తం 15. ఏదో ఒక అక్షరం మీద సన్నటి అడ్డగీత ఉంటుంది. మొదటి అక్షరం ఆర్ పైన గీత ఉంటే 1935, రెండోది ఓ పైన ఉంటే 1936, అలా చివరి ఎన్ దగ్గరికొచ్చేసరికి 1949. అక్షరాలు అయిపోయాయి, మరి 1950కి? గీతని అక్షరం కిందకి దించి మళ్లీ ఆర్ నుంచి మొదలుపెట్టారు. అలా 1964 దాకా వచ్చింది.

అంటే ఇది 15 గదుల అరే. సున్నా నుంచి లెక్కపెడితే, గీత పైన ఉంటే 1935కి ఇండెక్స్ కలపాలి, కింద ఉంటే 1950కి కలపాలి. ఉదాహరణకి సి అక్షరం ఇండెక్స్ 5. గీత దాని పైన ఉంటే 1940, కింద ఉంటే 1955. గీత ఒకటే, చోటు మారితే పదిహేనేళ్లు తేడా. 1940 అంటే జర్మనీ డెన్మార్క్‌ని ఆక్రమించిన ఏడాది. అలాంటి ఏడాదిలో కూడా ఎవరో కూర్చుని కప్పు మీద పువ్వులు వేశారన్నమాట. ఈ లెక్క తెలియకపోతే మనకి అది ఉత్త పాత కప్పే.

కొనేవాళ్లకి ఇందులో లాభం ఏంటంటే, ఆరు కప్పుల సెట్ అని చూపించినప్పుడు ఆరింటి అడుగులూ ఫొటో తీసి పంపమనండి. సంవత్సరాలు వేరువేరుగా ఉంటే తర్వాత జత చేసిన సెట్ కావచ్చు. అది నేరమేం కాదు. పాత కుటుంబాలు పగిలిన కప్పుకి బదులు కొత్తది కొనుక్కునేవి. కానీ ఒకేసారి తయారైన సెట్ ధర మాత్రం దానికి ఇవ్వకూడదు.

ఒక గీకుడు, ఒక సంతకం

అలల గుర్తు మీదుగా గ్లేజ్ తెగేలా ఒక గీత గీకి ఉందనుకోండి, అది వాడకంలో పడ్డ గీత కాదు. ఫ్యాక్టరీలో తనిఖీ చేసేవాళ్లు కావాలని గీకింది. "ఇది సెకండ్ క్వాలిటీ" అని అర్థం. చిన్న నల్ల చుక్క, గ్లేజ్‌లో సూది మొనంత గుంట, కాస్త వంకర, ఇలాంటి లోపం ఏదో ఒకటి ఉంటుంది. చాలాసార్లు మన కంటికి ఆ లోపం దొరకనే దొరకదు. అలాంటివి తక్కువ ధరకి అమ్మేవాళ్లు. ఇప్పటికీ వాటి రేటు తక్కువే. స్టూడెంట్ బడ్జెట్‌కి నా సలహా: అంచు ఊడిన ఫస్ట్ క్వాలిటీ కన్నా చెక్కుచెదరని సెకండ్ క్వాలిటీ మేలు. గీకుడు ఉన్న కప్పుని ఫస్ట్ క్వాలిటీ ధరకి అమ్మజూపితే మాత్రం మర్యాదగా వద్దనండి.

అలల పక్కనే ఇంకో చిన్న గుర్తు ఉంటుంది. ఒక అక్షరమో, అంకెో, రెండు చుక్కలో. అది ఆ కప్పుకి రంగు వేసిన మనిషి గుర్తు. కోబాల్ట్ నీలాన్ని గ్లేజ్ కిందే, చివరిసారి కాల్చకముందే కుంచెతో వేయాలి. ఆ దశలో పింగాణీ ఇంకు పీల్చే కాగితంలా రంగుని పీల్చేస్తుంది, తప్పు పడితే చెరపడం కష్టం. బ్లూ ఫ్లూటెడ్‌లో బాగా అల్లికగా ఉండే ఫుల్ లేస్ అనే రకం ఉంది. దాని ప్లేట్ ఒక్కదానికి ఎన్నో కుంచె గీతలు పడతాయి. ఈ పని చేసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. డిజైనర్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. వీళ్లకి మిగిలింది మాత్రం కప్పు అడుగున గోరంత గుర్తు.

21వ శతాబ్దంలో తయారీలో చాలా భాగం థాయ్‌లాండ్‌కి వెళ్లింది. అక్కడా చేత్తోనే వేస్తారు. చైనా డిజైన్ డెన్మార్క్‌కి వెళ్లి, కుంచె మళ్లీ ఆసియాకి తిరిగొచ్చింది. కోపెన్‌హాగెన్‌లో వేసిన పాత కప్పులు కావాలనుకునేవాళ్లకి మాత్రం ఇక కొత్తవి పెద్దగా రావు, ఉన్నవాటిలోనే వెతుక్కోవాలి.

ఇంజనీరు చేసిన మట్టి

స్టోన్‌వేర్ కథలో ముందుగా మనం తలుచుకోవాల్సిన పేరు నథాలీ క్రెబ్స్. కెమికల్ ఇంజనీరింగ్ చదివి 1919లో డిగ్రీ తీసుకుంది. బింగ్ అండ్ గ్రోన్‌డాల్‌లో పనిచేసి, తర్వాత సాక్స్‌బో అనే సొంత వర్క్‌షాప్ పెట్టింది. ఆకారాలు ఎవా స్టేర్ నీల్సన్ లాంటి కళాకారులవి, గ్లేజ్ కెమిస్ట్రీ క్రెబ్స్‌ది. మ్యాట్‌గా, మెత్తగా కనిపించే ఆ గ్లేజ్‌ల వెనక ఉన్నది బట్టీలో వేడి, ఇనుము, ఇతర లోహాల ఆక్సైడ్ల లెక్క. కోర్ బ్రాంచ్ వాళ్లకి ప్లేస్‌మెంట్స్ లేవని దిగులుపడే ఫ్రెండ్స్, ఈవిడ గురించి ఒకసారి చదవండి.

1950, 60ల్లో ఉద్దేశం మారింది. రాజులకి కాదు, చిన్న ఫ్లాట్‌లో ఉండే మామూలు కుటుంబానికి సెట్ కావాలి. గెర్ట్రూడ్ వాసెగార్డ్ 1956లో బింగ్ అండ్ గ్రోన్‌డాల్‌కి చేసిన టీ సెట్‌లో పాట్‌కి వెదురు పిడి ఉంటుంది. ఆర్కిటెక్ట్ గ్రేటె మేయర్ 1965లో రాయల్ కోపెన్‌హాగెన్‌కి చేసిన ఫాయెన్స్ సెట్‌లో పువ్వులే లేవు, అంచున సన్నటి నీలం గీత, అంతే. యెన్స్ క్విస్ట్‌గార్డ్ చేసిన రిలీఫ్ అనే స్టోన్‌వేర్ సెట్ మొదట క్రోన్‌యూడెన్ ముద్రతో, తర్వాత బింగ్ అండ్ గ్రోన్‌డాల్ ముద్రతో వచ్చింది. కాబట్టి ముద్రలు వేరైనంత మాత్రాన నకిలీ అనుకోకండి.

కొనేముందు ఐదు నిమిషాలు

కప్పుని అరచేతిలో పెట్టుకుని గోటితో మెల్లగా తట్టండి. పింగాణీ ఖంగుమంటే మంచిదే. మొద్దు శబ్దం వస్తే ఎక్కడో బీట ఉన్నట్టు. కళ్లు మూసుకుని అంచు చుట్టూ వేలు తిప్పండి, కంటికి దొరకని పెచ్చు వేలికి దొరుకుతుంది. అతికించి రంగు పూసిన చోటు అల్ట్రావయొలెట్ టార్చ్ వెలుగులో మిగతా కప్పుకి భిన్నంగా కనిపిస్తుంది. టీ పాట్‌లో చూడాల్సింది మూత, కొమ్ము మొన. ముందు దెబ్బతినేవి ఆ రెండే.

ఇంకో మాట. డెన్మార్క్‌లో కాఫీ అలవాటు ఎక్కువ, అందుకే కాఫీ సెట్లు ఎక్కువ దొరుకుతాయి, వాటినే టీ సెట్ అని అమ్మేస్తుంటారు. కాఫీ పాట్ పొడుగ్గా ఉంటుంది. టీ పాట్ పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది, లోపల ఆకులు విచ్చుకోవడానికి చోటు కావాలి కదా. చాలా టీ పాట్లలో కొమ్ము మొదట్లో జల్లెడలా చిల్లులు ఉంటాయి. టీ కప్పు వెడల్పు, కాఫీ కప్పు ఇరుకు.

దాచాలా, వాడాలా?

మన ఇళ్లలో మంచి కప్పులు షోకేస్‌లో ఉంటాయి, చుట్టాలొస్తేనే కిందికి దిగుతాయి. నేను నా మూడింటిలో ఒకదాన్ని రోజూ వాడతాను. పాత పింగాణీలో మరిగే టీ ఒక్కసారిగా పోస్తే బీటలు వారొచ్చు, అందుకే ముందు గోరువెచ్చని నీళ్లతో కడుగుతాను. టీ మరకలకి వంటసోడా చాలు. బంగారు అంచు ఉన్నవాటిని డిష్‌వాషర్‌లో వేయకూడదు. గ్లేజ్ పైన రంగులు వేసిన బాగా పాతవాటిలో సీసం ఉండే అవకాశం ఉంది, అవి చూసుకోవడానికే ఉంచండి.

పగిలిపోతుందేమో అని అమ్మ అంటుంది. పగలొచ్చు. కానీ ఆ కప్పుని చేసినవాళ్లు టీ తాగడానికే చేశారు. దాని మీద వందల గీతలు వేసిన మనిషి పేరు నాకు తెలియదు. రోజూ చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ గీతల మీద వేలు వెళ్తుంది. ఆ పనికి నేను ఇవ్వగలిగిన గౌరవం అదేననిపిస్తుంది.

ఈ పండక్కి ఇంటికెళ్లినప్పుడు షోకేస్‌లోంచి ఒక కప్పు తీసి తిప్పి చూడండి. డానిష్‌దే కానక్కర్లేదు, మన దేశంలో చేసిన కప్పుకైనా అడుగున ఏదో ఒక ముద్ర ఉంటుంది. ఏం కనిపించిందో ఫొటో తీసి క్లబ్ గ్రూప్‌లో పెట్టండి, కలిసి చదువుదాం. తీసేముందు అమ్మని ఒక మాట అడగండి.