మెడిసిన్ సీటు రాలేదు... రెండోసారి ఏం మార్చాలి?

అమెరికాలో ఎండీ (అక్కడ తొలి వైద్య పట్టా ఇదే) చదువుకు ఏటా 50 వేలకు పైగా మంది దరఖాస్తు పెట్టుకుంటే, సీటు దక్కి చేరేది సుమారు 23 వేల మంది. సగానికి పైగా అభ్యర్థులు మిగిలిపోతారన్నమాట. డాలస్, న్యూజెర్సీ, అట్లాంటా, బే ఏరియాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలూ వాళ్లలో ఉంటారు. సీటు రాలేదని తేలగానే ఆ ఇళ్లలో ముందుగా వినబడే మాట "ఎంక్యాట్ మళ్లీ రాయి" (ఎంక్యాట్ అంటే అక్కడి మెడికల్ ప్రవేశ పరీక్ష). ఆ మాటన్న తల్లిదండ్రుల్ని తప్పుపట్టలేం. వాళ్లలో చాలామంది ఎంసెట్ చూసి వచ్చినవాళ్లు. ర్యాంకు చాలకపోతే విజయవాడలోనో గుంటూరులోనో లాంగ్ టర్మ్‌లో చేరి, అవే బిట్లు ఏడాదంతా మళ్లీ మళ్లీ చేసి, పైర్యాంకు తెచ్చుకున్నవాళ్లను కళ్లారా చూశారు. ఇండియాలో ఆ పద్ధతి సరైనదే. ఇప్పటి నీట్‌లో కూడా 720కి ఎన్ని మార్కులొచ్చాయన్నదాన్ని బట్టే ర్యాంకు, ర్యాంకును బట్టే సీటు. అమెరికా మెడికల్ స్కూళ్లు మాత్రం మార్కులతో పాటు డిగ్రీలో సాగిన తీరు, ఆస్పత్రి అనుభవం, సేవ, సిఫారసు లేఖలు, వ్యాసాలు, ఇంటర్వ్యూ అన్నీ కలిపి తూకం వేస్తాయి. ఏది తక్కువైందో తేల్చుకోకుండా మళ్లీ పరీక్షకు కూర్చోవడమంటే జబ్బేమిటో తెలియకుండా మందు మింగడమే. రెండో దరఖాస్తు బలం ఎంత కష్టపడ్డారన్నదానికన్నా, మొదటిది ఎక్కడ ఆగిందో ఎంత కచ్చితంగా కనిపెట్టారన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

ఎక్కడ ఆగిందో తెలియాలంటే దరఖాస్తు నడిచే దారి తెలియాలి. ఎండీ స్కూళ్లలో ఎక్కువ భాగానికి ఆమ్‌కాస్ అనే ఒకే ఉమ్మడి దరఖాస్తు ఉంటుంది. అమెరికా మెడికల్ కాలేజీల సంఘమైన ఏఏఎంసీ దీన్ని నడుపుతుంది. మే నెలలో ఫారం తెరుచుకుంటుంది, మే ఆఖరు నుంచి సమర్పించవచ్చు. సిబ్బంది ప్రతి గ్రేడునూ ట్రాన్స్‌క్రిప్ట్‌తో సరిచూసి స్కూళ్లకు పంపుతారు. ఆ తర్వాత స్కూళ్లు సెకండరీలు, అంటే తమ సొంత ప్రశ్నలు పంపుతాయి. వేసవి చివర మొదలయ్యే ఇంటర్వ్యూలు వసంతం దాకా సాగుతాయి. చాలా స్కూళ్లు సెకండరీని పెద్దగా వడపోయకుండా దాదాపు అందరికీ పంపుతాయి కాబట్టి, అది వచ్చినంత మాత్రాన దరఖాస్తు బాగున్నట్టు కాదు. సెకండరీ రాసి పంపాక ఏం జరిగిందన్నదే గుర్తు. ఇరవై స్కూళ్లకు పంపినా ఒక్క ఇంటర్వ్యూ పిలుపూ రాలేదంటే లోపం ఇంటర్వ్యూ దశకు ముందే ఉంది: మార్కులో, అనుభవమో, రాతో, స్కూళ్ల ఎంపికో, ఆలస్యమో. నాలుగైదు ఇంటర్వ్యూలు జరిగీ ఎక్కడా సీటు రాలేదంటే కాగితాలు గట్టిగానే ఉన్నాయి, అనుమానించాల్సింది ఎదురుగా కూర్చుని మాట్లాడిన తీరును. వెయిటింగ్ లిస్టులో ఉండి చేజారితే మార్చాల్సింది ఇంకా తక్కువ. ఈ మూడు రకాల వారికీ ఒకే సలహా ఇస్తే ఇద్దరికైనా అది పనికిరాదు. కాలేజీలోని ప్రీమెడ్ సలహాదారు దగ్గర పాత దరఖాస్తును వరుసగా చదివించుకోవడం, తిరస్కరించిన స్కూళ్లకు మర్యాదగా రాసి లోపమేమిటో అడగడం ఈ దశలో చేయాల్సిన పనులు. అన్ని స్కూళ్లూ జవాబివ్వవు, ఇచ్చిన ఒకటి రెండే ఎంతో విలువైనవి.

"ఎన్ని చెప్పినా చివరికి తేల్చేది మార్కులే కదా" అనే వాదన ఇక్కడే వస్తుంది. అందులో నిజం లేకపోలేదు. ఎంక్యాట్ స్కోరు 472 నుంచి 528 దాకా ఉంటుంది. సీటు దక్కినవారి సగటు దాదాపు 512, దరఖాస్తుదారులందరి సగటు 506 దరిదాపుల్లో ఉంటుంది. చేరినవారి జీపీఏ (4 పాయింట్లకు లెక్కించే డిగ్రీ గ్రేడు) సగటు దాదాపు 3.8. 500 స్కోరుతో దరఖాస్తు పెట్టినవారికి ఎంక్యాట్ మళ్లీ రాయమనే సలహా సరైనదే. కానీ అదే ఏఏఎంసీ ప్రకటించే పట్టికల్లో పైగడిని కూడా చూడాలి. జీపీఏ 3.8, ఎంక్యాట్ 518 ఆపైన ఉన్నవారిలోనూ సుమారు 15 శాతం మందికి ఎక్కడా సీటు రావడం లేదు. వీళ్లకు తక్కువైంది మార్కులు కాదని వేరే చెప్పనక్కర్లేదు. పైగా ఈ పరీక్ష ఎన్నిసార్లయినా రాసుకునేది కాదు. ఏడాదిలో మూడుసార్లు, వరుస రెండేళ్లలో నాలుగుసార్లు, జీవితకాలంలో ఏడుసార్లే అవకాశం. రాసిన ప్రతి స్కోరూ స్కూలుకు కనిపిస్తుంది. కొన్ని స్కూళ్లు ఎక్కువ వచ్చినదాన్ని, కొన్ని చివరిదాన్ని, కొన్ని సగటును చూస్తాయి. మళ్లీ రాసినవారికి సాధారణంగా కలిసొచ్చేది రెండు మూడు పాయింట్లే. 515 ఉన్న కుర్రాడు ఏడాదంతా గదిలో కూర్చుని 517 తెచ్చుకుంటే, అతని దరఖాస్తులో అసలు లోపం ఎక్కడిదక్కడే ఉంటుంది. అదే ఏడాది రోగుల మధ్య గడిపే అవకాశమూ పోతుంది.

జీపీఏ సంగతి ఇంకా మొండిది. లెక్క వేస్తే తెలుస్తుంది. 120 క్రెడిట్లు పూర్తి చేసి 3.4 జీపీఏతో పట్టా తీసుకున్న విద్యార్థి, మరో ఏడాది 30 క్రెడిట్లు చదివి అన్నింట్లో ఏ గ్రేడే తెచ్చుకున్నా మొత్తం జీపీఏ 3.52 దగ్గర ఆగుతుంది. తప్పిన కోర్సును మళ్లీ చదివినా పాత గ్రేడు పోదు, ఆమ్‌కాస్ రెండింటినీ లెక్కిస్తుంది. అలాగని ఆ ఏడాది వృథా అనలేం. మెడికల్ స్కూలులో పడే చదువు బరువును ఈ విద్యార్థి మోయగలడా అన్నది ప్రవేశాల కమిటీకి ఉండే అనుమానం. డిగ్రీ అయ్యాక తీసుకునే పోస్ట్‌బాక్ కోర్సులు, మెడికల్ స్కూల్ మొదటి ఏడాది పాఠాల స్థాయిలో సాగే ప్రత్యేక మాస్టర్స్ కోర్సులు ఆ అనుమానానికి జవాబిస్తాయి. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం 1975లోనే ఇలాంటి కోర్సు మొదలుపెట్టింది. అయితే మాస్టర్స్ గ్రేడులు డిగ్రీ జీపీఏలో కలవవు, వేరుగా చూపిస్తారు. ఫీజు కూడా భారమే. అందుకే 3.8 జీపీఏ ఉన్నవారు "పేరుకు ఇంకో డిగ్రీ ఉంటే మంచిది కదా" అని వీటిలో చేరడం డబ్బు దండగ.

మార్కులు సరిపోయి పిలుపు రానివారిలో ఎక్కువగా కనిపించేది అనుభవం తక్కువ కావడం, లేదా ఉన్న అనుభవం కాగితం మీద సజీవంగా కనిపించకపోవడం. ఆమ్‌కాస్‌లో 15 కార్యకలాపాలు రాసుకోవచ్చు. ఒక్కోదానికి ఇచ్చే చోటు ఖాళీలతో కలిపి 700 అక్షరాలు. ముఖ్యమనుకున్న మూడింటికి మరో 1325 అక్షరాలు రాయవచ్చు. ఒక క్లినిక్‌లో మెడికల్ అసిస్టెంట్‌గా పనిచేసిన అమ్మాయి "బీపీ చూశాను, వివరాలు నమోదు చేశాను, డాక్టర్లు రోగులతో మెలిగే తీరు చూసి స్ఫూర్తి పొందాను" అని రాసిందనుకుందాం. ఇలాంటి వాక్యాలు కమిటీ సభ్యులు రోజూ చదివేవే. అదే అమ్మాయి, మాత్రలు వేసుకుంటున్నానని ప్రతిసారీ తలూపే ముసలావిడ చేత సీసా తెప్పించి చూస్తే నెల మాత్రలు అలాగే ఉన్నాయని, ఆవిడకు లేబుల్ చదవడం రాదని అప్పుడు తెలిసిందని, పొద్దుటికో రంగు స్టిక్కరు, రాత్రికో రంగు స్టిక్కరు అంటించే పద్ధతి నర్సుతో మాట్లాడి మొదలుపెట్టానని రాస్తే, చదివేవారికి ఒక మనిషి కనబడుతుంది. ఈ రెండో రాత భాషానైపుణ్యంతో పుట్టదు. అలాంటి సంఘటన ఎదురుపడేంత కాలం అక్కడ పనిచేసి ఉండాలి. మన కుటుంబాల్లో ఇంకో అలవాటుంది. తెలిసిన డాక్టర్ అంకుల్ దగ్గర రెండు వారాలు షాడోయింగ్ చేయించి, ఆయన చేతే లేఖ రాయించడం. పక్కన నిలబడి చూడటం వేరు, రోగి పట్ల బాధ్యత తీసుకోవడం వేరు. చిన్నప్పటి నుంచి తెలిసిన పెద్దమనిషి మెచ్చుకోలుకన్నా, ఏడాది పాటు పని చూసిన సూపర్‌వైజరు రాసిన నాలుగు ముక్కలకే బరువెక్కువ. స్క్రైబ్ (డాక్టరు పక్కనుండి వివరాలు నమోదు చేసేవారు), ఈఎంటీ (అంబులెన్స్ సిబ్బంది), నర్సింగ్ అసిస్టెంట్, హాస్పిస్ (అంతిమ దశ రోగుల సేవ) వలంటీర్ వంటి పనులకు మళ్లీ దరఖాస్తు చేసేవారు మొగ్గేది ఇందుకే.

కాగితాల్లో లోపమేమీ లేకున్నా తేదీలు, స్కూళ్ల జాబితా దెబ్బతీసే సందర్భాలూ ఉన్నాయి. చాలా స్కూళ్లు వచ్చినవి వచ్చినట్టే చూస్తూ ఇంటర్వ్యూలకు పిలుస్తాయి. జూన్ మొదట్లో అందిన దరఖాస్తుకు ఉన్న ఖాళీలు సెప్టెంబరులో అందినదానికి ఉండవు. రద్దీ రోజుల్లో ఆమ్‌కాస్ సరిచూడటానికే నెల పైన పడుతుంది. ఇక ప్రభుత్వ స్కూళ్లు సొంత రాష్ట్రం వారికే పెద్దపీట వేస్తాయి. టెక్సస్ ప్రభుత్వ మెడికల్ స్కూళ్లు బయటివారికి పది శాతానికి మించి సీట్లు ఇవ్వకూడదని అక్కడి చట్టమే ఉంది. న్యూజెర్సీ విద్యార్థి ఇలాంటి స్కూళ్లను, పేరున్న ఓ డజను ప్రైవేటు స్కూళ్లను మాత్రమే ఎంచుకుంటే తన చేతులతో తానే తలుపులు మూసుకున్నట్టు. వీసా మీద ఉన్న పిల్లల పరిస్థితి మరీ ఇరుకు. చాలా స్కూళ్లు పౌరులను, గ్రీన్ కార్డు ఉన్నవారినే తీసుకుంటాయి. హెచ్-1బీ ఉద్యోగుల పిల్లలకుండే హెచ్-4 హోదా 21 ఏళ్లకు ముగుస్తుంది. గ్రీన్ కార్డు వరుసలో చిక్కుకున్న తెలుగు కుటుంబాలు ప్రతి స్కూలు నిబంధననూ విడివిడిగా చదవాలి. అలాంటివారిని తీసుకోని స్కూలుకు 520 స్కోరు చూపించినా లాభం లేదు.

"ఇదంతా లాటరీ, అదే దరఖాస్తు మళ్లీ పంపితే ఈసారి తగలొచ్చు" అనేవారూ ఉన్నారు. అదృష్టం పాత్ర కొంత ఉన్నమాట నిజమే. ఒక కమిటీ పక్కన పెట్టిన కాగితాలను మరో కమిటీ మెచ్చవచ్చు. కానీ రెండోసారి అదే స్కూలుకు పంపితే పాత దరఖాస్తు వాళ్ల దగ్గర ఉంటుంది. పైగా సెకండరీలో చాలా స్కూళ్లు సూటిగానే అడుగుతాయి: కిందటిసారికీ ఇప్పటికీ మీలో ఏం మారింది? పాత వ్యాసంలో నాలుగు మాటలు మార్చినవారికి ఈ ప్రశ్న దగ్గర చెప్పడానికేమీ ఉండదు. ఖర్చూ తక్కువేం కాదు. ఆమ్‌కాస్‌లో మొదటి స్కూలుకు దాదాపు 175 డాలర్లు, ఆపై ఒక్కోదానికి 45 డాలర్లకు పైనే. ప్రతి సెకండరీకీ వేరే ఫీజు. ఇరవై స్కూళ్లకు కలిపితే కొన్ని వేల డాలర్లవుతుంది.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం వయసుది. "ఆగితే ఏళ్లు గడిచిపోవా? కరీబియన్ వెళ్లినా, ఇండియాలో ఎన్‌ఆర్‌ఐ కోటాలో చేరినా డాక్టరే కదా?" అంటారు. అమెరికాలో మెడికల్ స్కూల్‌లో చేరేవారి సగటు వయసు 24 ఏళ్లు. డిగ్రీ అవగానే నేరుగా చేరేవారి కన్నా ఏడాదో రెండేళ్లో ఆగి చేరేవారే ఎక్కువ. కాబట్టి ఆగినవారు వెనకబడినట్టు కాదు. ఇక వేరే దేశంలో చదివితే అసలు గండం చదువయ్యాక వస్తుంది. అమెరికాలో వైద్యం చేయాలంటే రెసిడెన్సీ, అంటే చదువయ్యాక ఆస్పత్రిలో శిక్షణ, తప్పనిసరి. అక్కడి ఎండీ, డీఓ (ఆస్టియోపతిక్ మెడిసిన్) స్కూళ్ల ఆఖరి ఏడాది విద్యార్థుల్లో 90 శాతానికి పైగా మందికి రెసిడెన్సీ మ్యాచ్‌లో, అంటే సీట్ల కేటాయింపులో, చోటు దక్కుతుండగా, బయటి దేశాల్లో చదివొచ్చిన అమెరికా పౌరుల్లో అది ఇటీవల 67 శాతం దగ్గర ఉంది. ఇండియాలో ఎన్‌ఆర్‌ఐ కోటాకైనా నీట్ గట్టెక్కాలి. ఆ దారులు చెడ్డవని దీని అర్థం కాదు, తొందరలో ఎంచుకోవాల్సినవి మాత్రం కావు. అమెరికాలోనే ఉన్న డీఓ స్కూళ్లను మన ఇళ్లలో చిన్నచూపు చూస్తుంటారు. 2020 నుంచి ఎండీ, డీఓ ఇద్దరికీ రెసిడెన్సీ మ్యాచ్ ఒక్కటే. డీఓలకూ వైద్యం చేసే హక్కు పూర్తిగా ఉంటుంది. ఎంక్యాట్ 505 దగ్గర ఉన్న అభ్యర్థి రెండోసారి జాబితాలో డీఓ స్కూళ్లను చేర్చుకోవడం, రెండు పాయింట్ల కోసం మరో ఏడాది పెట్టడం కన్నా తెలివైన మార్పు కావచ్చు.

మన వాళ్లు ఒప్పుకోలేని చిక్కు మరొకటుంది. తిరస్కరణలు తేలేది వసంతంలో, కొత్త ఫారం తెరుచుకునేది మేలో. మధ్యలో నిజంగా ఏదైనా మారడానికి వ్యవధి లేదు. ఇంటర్వ్యూల్లోనో వెయిటింగ్ లిస్టులోనో ఆగినవారు, ఆలస్యంగా పంపినవారు, జాబితా సరిగా వేసుకోనివారు వెంటనే జూన్‌లో మళ్లీ పంపవచ్చు. వాళ్లు చేయాల్సిన దిద్దుబాటు కొన్ని వారాల పని. మాదిరి ఇంటర్వ్యూలు చేయడం, తేదీలు చూసుకోవడం, జాబితా తిరగరాయడం లాంటివి. అనుభవమో గ్రేడులో చాలనివారు ఆ జూన్‌ను వదిలేసి వచ్చే ఏడాది జూన్‌కు సిద్ధపడటం మేలు. ఏప్రిల్లో ఒక కాగితం తీసుకుని, కిందటిసారికీ ఇప్పటికీ ఏం మారిందో రుజువులతో మూడు వాక్యాలు రాయడానికి ప్రయత్నించాలి. "చేయబోతున్నాను" అన్న మాట రాకుండా ఆ మూడూ పూర్తయితే దరఖాస్తు పంపవచ్చు. పూర్తికాకపోతే ఆ ఫీజు డబ్బు ఇంకో ఏడాది బ్యాంకులోనే ఉండనివ్వడం మంచిది.