ఆకాశమార్గమున నెంత దూరము?

"అమెరికా యెంత దూరమమ్మా?" యని పిన్నలడిగిన "పదునేడు గంట" లని చెప్పుట యిపుడు మన యిండ్లలో వాడుకయైనది. మన పెద్దలు దూరమును ఆమడలతోఁ గొలిచిరి. మనము గంటలతోఁ గొలుచుచున్నాము. ఈ లెక్క యెంతవఱకు సరియో సోదరీమణులతో ముచ్చటింపఁ దలఁచితిమి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము - ఈ మూఁడూళ్లలో దేనికిని ప్రయాణికుల విమానాశ్రయము లేదు. దూరదేశమేఁగువారు పొరుగు రాష్ట్రమున దేవనహళ్లికడ 2008లో వెలసిన బెంగుళూరు విమానాశ్రయమునకే తఱచుగాఁ బోవుదురు. మదనపల్లెనుండి చింతామణి మీఁదుగా నది సుమారు నూఱు కిలోమీటర్లు. కుప్పమువారు రైలులో బెంగుళూరు చేరి, యా మహానగరమును దాఁటి యుత్తరముగా మఱికొంత దూరము పోవలయును.

శాన్‌ఫ్రాన్సిస్కోనుండి నడుమ నెక్కడను దిగక బెంగుళూరు చేరిన మొదటి ఎయిరిండియా విమానము 2021 జనవరి 9వ తేది శనివారము రాత్రి బయలుదేఱి, సోమవారము తెల్లవాఱుజామున వ్రాలినది. దూరము 14,000 కిలోమీటర్లకుఁ గొంచెము తక్కువ. కాలము సుమారు 17 గంటలు. మఱి నడుమనున్న యాదివార మేమైనట్లు? చలికాలమున నచ్చటి గడియారము మనకంటె 13½ గంటలు వెనుక నుండును. అక్కడి శనివారపు రాత్రి యిక్కడ నాదివారము ప్రొద్దెక్కిన వేళ!

ఆ విమానమును నడపిన నలువురును స్త్రీలే: జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవారే, శివానీ మన్హాస్. వారు వచ్చినది ఉత్తరధ్రువము మీఁదుగా. బత్తాయిపండు పైసగమునఁ దొడిమ కిరుప్రక్కల నెదురెదురుగా రెండు బొట్లు పెట్టి దారము సాగఁదీసి చూడుఁడు. నడుము చుట్టి పోవుటకంటెఁ దొడిమ మీఁదుగాఁ బోవుటయే దగ్గఱ.

అయినను గుమ్మమునుండి గుమ్మమునకు లెక్కింపవలదా? రోడ్డుమీఁద మూఁడు గంటలు, ముందుగాఁ జేరి వేచియుండుట మూఁడు గంటలు, దిగినపిదపఁ దనిఖీలకు నొక గంట. పదునేడు కాస్త యిరువదినాలుగైనది. కూఁతురి కాన్పునకుఁ బోవు తల్లి మందులను చేతిసంచిలోనే యుంచుకొనవలయును. పెద్దపెట్టెలోనివి దిగువఱకుఁ జేతికందవు. రెండేసి గంటల కొకసారి లేచి నాలుగడుగులు నడచుట మంచిది.

కువైత్తునకో, యైదు గంటలే. అచ్చటి యిండ్లలోఁ బనికిఁ బోయిన స్త్రీలు మన సీమలో నెందఱో కలరు. యజమాని సెలవిచ్చువఱకు వారు బిడ్డల మొగము చూడలేరు. అమెరికాలోని కొడుకు వారికంటె దగ్గఱనున్నాఁడని మా కనేకసారులు తోఁచినది.

శాన్‌ఫ్రాన్సిస్కో మదనపల్లెకుఁ గ్రొత్త కాదు. 1895లో మదనపల్లెలోఁ బుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారు 1922లోఁ దమ్ముఁడు నిత్యానందతోఁ గూడ ఆస్ట్రేలియానుండి యోడమీఁద నా రేవునకే చేరిరి. తమ్మునికి క్షయవ్యాధి. 1925లో నతనిని కాలిఫోర్నియాలోని ఓహైలో విడిచి వచ్చిన కృష్ణమూర్తిగారు హిందూదేశమునకు వచ్చు నోడలో నుండఁగా, సూయజ్ కాలువకడఁ దమ్ముఁడు మరణించెనని తంతి యందినది. వెనుకకుఁ బోవుటకు దారి లేదు. ఓడ ముందుకే సాగినది.