మీకు తెలుసా? గ్యాస్ కట్టిన సంగతి గుర్తే, నమ్మకమే కుదరదు

తిరువూరు బస్టాండులో విజయవాడ బస్సెక్కి కూర్చున్నాక కూడా ‘గ్యాస్ కట్టేశానా?’ అంటూ దిగిపోయి ఇంటిదారి పట్టే మనిషిని చూస్తే, మతిమరుపు అనేస్తాం. ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అనే మానసిక సమస్య ఉన్నవాళ్ల విషయంలో ఆ మాట చాలాసార్లు తప్పు. రెగ్యులేటర్ తిప్పిన సంగతి వాళ్లకు గుర్తుంటుంది. ఆ జ్ఞాపకం మీదే నమ్మకం కుదరదు.

నెదర్లాండ్స్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్సెల్ వాన్ డెన్ హౌట్, మెరెల్ కింట్ 2003లో ప్రచురించిన ప్రయోగం దీన్ని చక్కగా చూపించింది. ఆరోగ్యంగా ఉన్న విద్యార్థుల చేత కంప్యూటర్ తెర మీద గ్యాస్ స్టవ్ బర్నర్లు వెలిగించి, ఆర్పించి, ఆరాయో లేదో చూడమన్నారు. అలా 20 సార్లు! ఆఖరిసారి ఏయే బర్నర్లు చూశారని అడిగితే జవాబులు సరిగ్గానే వచ్చాయి. కానీ ఆ దృశ్యం వాళ్ల మనసులో మసకబారింది, ‘నాకు బాగా గుర్తుంది’ అన్న ధీమా సడలింది. మధ్యలో స్టవ్‌కు బదులు బల్బులు చూసినవాళ్లకు ఈ ఇబ్బంది రాలేదు. జబ్బు లేనివాళ్లకే ఇలా అయితే, రోజూ తలుపు గడియ పదిసార్లు లాగి చూసేవాళ్ల సంగతి ఊహించండి. చూసినకొద్దీ అనుమానం ముదురుతుంది.

ఓసీడీ ఉన్నవాళ్ల తెలివికి వచ్చిన లోటేమీ లేదు. ప్రణాళిక వేయడం, ఒక పని నుంచి ఇంకో పనికి మనసు మళ్లించడం వంటి పరీక్షల్లో మాత్రం వీరు సగటున కాస్త వెనకబడతారు.

మరి తాము చేసేది అతి అని వాళ్లకు తెలుసా? ఎక్కువమందికి తెలుసు. అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ 2013 నుంచి ఈ ఎరుకను మూడు స్థాయిలుగా చూస్తోంది: బాగా ఉన్నవారు, తక్కువగా ఉన్నవారు, అసలు లేనివారు. మూడో రకంవారు నూటికి నలుగురికి మించరు. అందుకే “ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదా?” అన్న ఇంట్లోవాళ్ల మాట అంతగా గుచ్చుకుంటుంది. వాళ్లకు ఎక్కనిదంటూ లేదు, తెలిసీ ఆగలేకపోవడమే బాధ. ఆందోళన ముంచుకొచ్చిన క్షణంలో ఆ ఎరుక కూడా పలచబడుతుంది.

ఇంకో సంగతి. ప్రేమకొద్దీ “కట్టేశావులే అమ్మా” అని మళ్లీ మళ్లీ భరోసా ఇవ్వడం కూడా ఇంకోసారి చూసినట్టే. ఆ నిమిషానికి ఊరట, గంటకు అదే ప్రశ్న. భయం కలిగించేదాన్ని ఎదుర్కొంటూ, చూసిరావాలన్న తహతహను ఆపుకోవడం నేర్పే ఈఆర్‌పీ చికిత్స ఓసీడీకి బాగా పనిచేస్తుంది. లండన్‌లో విక్టర్ మేయర్ 1966లో దానికి దారి వేశారు. మందులూ ఉన్నాయి.

తిరువూరులో ఉన్నవాళ్లు ముందు ఒక ఫోన్ చేయవచ్చు: టెలి మానస్, 14416. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ ఇది, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఓసీడీ అనుకుంటున్నామని చెప్పి, ఈఆర్‌పీ చేసేవారు దగ్గర్లో ఎక్కడున్నారో అడగండి.