నొప్పి తగ్గితే చాలదు.. పని సాగాలి

* సూదిమందుతో ఒకరోజు ఊరట.. మూత్రపిండాలపై ఏళ్ల తరబడి భారం
* చికిత్స ఫలించిందా? మూడు ప్రశ్నలతో తెలుసుకోవచ్చు

నెల్లూరు: మైపాడు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె.. తీరంలో ఏ పాలెంలోనైనా నడివయసు దాటినవారిని పలకరిస్తే మొదట వినిపించేది నడుము మాట, ఆ తరువాత మోకాలి మాట. తెల్లవారుజామున పడవను ఇసుక మీద నుంచి నీళ్లలోకి నెట్టాలి. తడిసి బరువెక్కిన వలను వంగి లాగాలి. ఒడ్డుకు చేరిన చేపలను మహిళలు గంపలకెత్తి అమ్మకానికి మోయాలి. ఉప్పు కొఠార్లలో పార పని, పెన్నా డెల్టా మళ్లలో వరినాట్లు, రొయ్యల శుద్ధి కర్మాగారాల్లో చల్లటి తడి నేలపై గంటల తరబడి నిలుచుని చేసే పని.. పేరేదైనా భారమంతా నడుము, మోకాళ్లు, భుజాల మీదే పడుతుంది.

మూడు నెలలకు మించి కొనసాగే, లేదా తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పిగా పరిగణిస్తారు. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో దీనికి ప్రత్యేక స్థానం దక్కింది. నడుము నొప్పి ఒక్కటే తీసుకున్నా 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 61.9 కోట్ల మంది దానితో బాధపడినట్లు ఆ సంస్థ వెల్లడించింది.

ఇంత మందిని పీడించే ఈ బాధకు చికిత్స ఫలించిందో లేదో తేల్చడమే కష్టం. రక్తపోటుకు అంకె ఉంది, చక్కెరకు అంకె ఉంది. నొప్పిని చూపే రక్త పరీక్ష ఏదీ లేదు. అందుచేత ‘నొప్పి తగ్గిందా?’ అన్న ఒక్క ప్రశ్నతోనే చాలా చోట్ల వైద్యం ముగుస్తోంది. ఆ ప్రశ్నకు ‘తగ్గింది’ అని జవాబిచ్చిన మనిషి మరుసటి రోజు బస్సు మెట్టు ఎక్కలేకపోవచ్చు. ‘అలాగే ఉంది’ అన్న మనిషి ఆరు నెలల తరువాత మళ్లీ వేటకు వెళ్తూ ఉండవచ్చు. వీరిద్దరిలో చికిత్స ఎవరికి ఫలించినట్లు?

ఈ చిక్కును విప్పేందుకు అమెరికా పరిశోధకులు 2009లో మూడు ప్రశ్నల కొలమానాన్ని ప్రకటించారు. గడిచిన వారంలో నొప్పి సగటున ఎంత ఉంది? జీవితంలోని సంతోషానికి అది ఎంత అడ్డుపడింది? రోజువారీ పనులకు ఎంత అడ్డుపడింది? ఒక్కొక్కదానికి సున్నా నుంచి పది వరకు అంకె వేయాలి. మూడింటి సగటును ముందటి సగటుతో పోల్చుకోవాలి. సుమారు 30 శాతం తగ్గితే అది చెప్పుకోదగిన మార్పు. మూడు ప్రశ్నల్లో నొప్పి తీవ్రతకు దక్కింది ఒక్కటే కాగా, మిగిలిన రెండూ బతుకు సాగడం గురించినవి కావడం గమనార్హం.

తీరంలో ఆ మూడో ప్రశ్నను మరింత విడమరచి అడగవలసి ఉంటుంది. గొంతుక్కూర్చుని లేవగలుగుతున్నారా? నేల మీద కూర్చుని వల అల్లగలుగుతున్నారా? బిందె ఎత్తగలుగుతున్నారా? రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది? మోకాళ్ల నొప్పితో మరుగుదొడ్డిలో కూర్చోలేక నీళ్లు తాగడమే తగ్గించుకునే మహిళలూ ఉంటారు. మందుల చీటీలో ఎక్కడా కనిపించని బాధ ఇది. మరుగుదొడ్డిలో ఎత్తయిన పీట అమర్చుకుంటే తీరే ఇబ్బందికి ఏళ్ల తరబడి మాత్రలు మింగడం విచారకరం.

మందు ఎంపికలోనూ పనిని దృష్టిలో ఉంచుకోవాలి. నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ వంటివి కొందరిలో మత్తు, తల తిరుగుడు కలిగిస్తాయి. ఇంట్లో ఉండే వృద్ధుడికి రాత్రి నిద్ర పట్టడం మేలే కావచ్చు. అర్ధరాత్రి దాటాక పడవ నడిపేవాడికి అదే మత్తు ప్రాణాంతకం. తాను చేసే పని ఏమిటో, ఏ వేళ చేస్తాడో రోగి చెప్పాలి. చెప్పకపోతే వైద్యుడే అడగాలి.

ఇక సూదిమందు విషయం. డైక్లోఫెనాక్ సూది వేసిన గంటలోపే చాలామందికి ఊరట లభిస్తుంది. వేటకు వెళ్లకపోతే వాటా దక్కదు, కూలికి వెళ్లకపోతే ఆ పూట గడవదు. కాబట్టి ఆ సూది కోసం వెళ్లేవారిని తప్పుపట్టడం తేలిక కాదు. అయితే ఈ తరగతి మందులన్నీ మూత్రపిండాలకు రక్తాన్ని సక్రమంగా అందించే రసాయనాల ఉత్పత్తిని అడ్డుకుంటాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ ముప్పు రెట్టింపవుతుంది. ఎండలో చెమటోడ్చే ఉప్పు కూలీ, కొద్దిపాటి తాగునీటితో సముద్రం మీద గడిపే మత్స్యకారుడు సరిగ్గా ఆ స్థితిలోనే ఉంటారు. రక్తపోటు మాత్రలు, మూత్రం జారీ చేసే మాత్రలు వాడుతున్నవారు వాటికి నొప్పి మాత్రను జతచేస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. కడుపులో పుండ్లు, రక్తస్రావం సంగతి సరేసరి.

పేరు చెప్పకుండా పొట్లంలో కట్టి ఇచ్చే చిన్న తెల్ల మాత్ర మరింత మోసకారి. అందులో స్టెరాయిడ్ ఉన్నట్లయితే ఆకలి పెరుగుతుంది, ఒళ్లు తేలికపడినట్లు ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ ముఖం ఉబ్బుతుంది, చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారుతాయి. చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదకరమే. వైద్యుడి పర్యవేక్షణలో క్రమంగా తగ్గించుకోవాలి.

మందు ఎంత బలమైనదైతే అంత మేలన్న నమ్మకమూ నిలిచేది కాదు. నడుము, మోకాలు, తుంటి నొప్పులున్న 240 మంది మాజీ సైనికులపై అమెరికాలో ఏడాదిపాటు జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. నల్లమందు తరగతికి చెందిన బలమైన మందులు వాడినవారు, సాధారణ నొప్పి మందులు వాడినవారి కంటే రోజువారీ పనుల్లో ఏమాత్రం మెరుగు కాలేదు. పైపెచ్చు దుష్ప్రభావాలు ఎక్కువయ్యాయి.

దీర్ఘకాలిక నడుము నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో విడుదల చేసిన మార్గదర్శకాలూ ఇదే దారిలో ఉన్నాయి. వ్యాయామం, తన నొప్పి గురించి రోగికి అవగాహన కల్పించడం, అవసరాన్ని బట్టి వాపు తగ్గించే మాత్రలు సూచించింది. నడుము పట్టీలు, బరువులు వేలాడదీసి లాగడం, నల్లమందు తరగతి మందులు మామూలుగా వాడవద్దని పేర్కొంది. నడుము పట్టీ లేనిదే ఇల్లు కదలనివారు ఈ మాట నమ్మడానికి కొంతకాలం పడుతుంది.

నొప్పి పుడితే కదలకూడదన్నది పెద్దల నుంచి వచ్చిన మాట. కొత్తగా తగిలిన దెబ్బకు కొన్నాళ్లపాటు అది వర్తిస్తుంది. నెలలు గడిచిన నొప్పిలో దెబ్బ మానినా నరాల వ్యవస్థ హెచ్చరికలు పంపుతూనే ఉండవచ్చు. కదలని కండరం పలుచబడుతుంది, పలుచబడిన కండరం కీలును మోయలేదు, నొప్పి పెరుగుతుంది. చేపలు బాగా పడిన రోజున ఓపికకు మించి శ్రమించి ఆపై రెండు రోజులు మంచాన పడటం మరో పొరపాటు. పనిని ముక్కలుగా చేసుకోవడం, తొడ కండరాలు బలపడేలా ఎత్తయిన మంచం మీద నుంచి చేతి ఊతం లేకుండా నెమ్మదిగా లేచి కూర్చోవడం వంటివి రోజూ చేస్తే కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో వెలువడిన అధ్యయనం తేల్చింది.

ఇక్కడే సంతృప్తి అనే చిక్కు ఎదురవుతుంది. సూది వేసినవాడి దగ్గర నుంచి రోగి తృప్తిగా వెళ్తాడు. వ్యాయామం చెప్పినవాడి దగ్గర నుంచి ‘ఏమీ ఇవ్వలేదు’ అని గొణుక్కుంటూ వెళ్తాడు. పాలెం నుంచి నెల్లూరుకు రావడానికి ఒకరోజు కూలి పోగొట్టుకున్న మనిషికి ఆ అసంతృప్తి సహజం. నొప్పి పూర్తిగా పోకపోవచ్చునని, అయితే ఫలానా పని మళ్లీ చేయగలరని ముందుగానే చెప్పి, రోగి గోడు కొంతసేపు వింటే నొప్పి అంకె పెద్దగా మారకపోయినా రోగులు తృప్తి చెందడం కద్దు. రద్దీగా ఉండే ఆసుపత్రుల్లో అంత తీరిక దొరకడమే కష్టం.

అన్ని నొప్పులూ ఒకటి కావు. భూగర్భ జలంలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే వ్యాధి మన దేశంలో తొలిసారి 1937లో వెలుగుచూసింది నాటి నెల్లూరు జిల్లాలోనే. పొదిలి, దర్శి ప్రాంతాల్లో దానిని మద్రాసు గిండీలోని కింగ్ సంస్థకు చెందిన షార్ట్ బృందం గుర్తించింది. ఆ ప్రాంతాలు 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరాయి. అక్కడ నొప్పి మాత్ర కంటే ముందు మార్చవలసింది తాగే నీరు. అలాగే రాష్ట్రాన్ని 2006లో కుదిపేసిన చికున్‌గున్యా కొందరి కీళ్లలో జ్వరం పోయాక నెలలు, ఏళ్లపాటు నొప్పిని మిగిల్చింది. కారణం తెలియకుండా ఒకే సూది అందరికీ వేయడం తగదు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవలకు వేట నిషేధం అమల్లో ఉంటుంది. మత్స్యకారులకు వైద్య పరీక్షలకైనా, వ్యాయామం అలవాటు చేసుకోవడానికైనా ఇంతకు మించిన అదను ఏడాదిలో మరొకటి దొరకదు. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవడం, నొప్పి మాత్రలు తరచూ వాడేవారికి ముఖ్యంగా అవసరం. నడుము నొప్పితోపాటు కాళ్లు పట్టుతప్పినా, మలమూత్రాలపై అదుపు పోయినా, జ్వరం వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా నిషేధకాలం వచ్చేదాకా ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.