పరుగు పెట్టే ముందు మన కంచం చూసుకుందాం!

“ఈ వయసులో పరుగులేమిటే? కాలు జారితే ఎవరు చేస్తారు?” అని మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అంటూనే ఉంటుంది. నాకు 44 నిండాయి. షుగరు వస్తుందేమోనన్న భయంతో రెండేళ్ళ క్రితం నెక్లెస్ రోడ్డు మీద నడక మొదలుపెట్టాను. ఆ నడకే మెల్లగా పరుగైంది. నిరుడు హాఫ్ మారథాన్, అంటే 21 కిలోమీటర్లు పూర్తిచేశాను. ఈసారి ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ లో పూర్తి దూరానికే పేరిచ్చాను. అది 42.195 కిలోమీటర్లు!

1984లో లాస్ ఏంజెలిస్ లో పెట్టేదాకా ఒలింపిక్స్ లో ఆడవాళ్ళకి మారథాన్ పోటీయే లేదు. అంత దూరం ఆడవాళ్ళ ఒళ్ళు తట్టుకోదని అనుకునేవారట. ఎందుకు తట్టుకోదూ! కాకపోతే తిండి సరిగ్గా పడాలి. ఆ సంగతి నాకు దెబ్బ తిన్నాకగానీ తెలిసిరాలేదు.

ఆ ఆదివారం ఏమైందంటే...

నిరుడు ఫిబ్రవరిలో మాట. పెళ్ళయిన దగ్గర్నుంచీ నాకు శనివారం ఒక్కపొద్దు. ఆ రాత్రి రెండు అరటిపళ్ళు, గ్లాసుడు పాలతో సరిపెట్టుకున్నాను. తెల్లారి కాఫీ తాగి పరుగుకి వెళ్ళాను. 13వ కిలోమీటరు దగ్గర కళ్ళు బైర్లు కమ్మి, చేతులు చల్లబడి ఫుట్ పాత్ మీద కూలబడ్డాను. వెనక వస్తున్న ఒకావిడ నోట్లో పల్లీ పట్టీ ముక్క పెట్టి, మావారికి ఫోన్ చేసింది.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది. కనీసం 12 ఉండాలన్నారు డాక్టరుగారు. “మొన్న శుక్రవారం ఏం తిన్నారమ్మా?” అని అడిగారు. ఇంట్లో ఎవరెన్ని ఇడ్లీలు తిన్నారో చెప్పగలను. నేనెన్ని తిన్నానో మాత్రం చెప్పలేకపోయాను. మాడిన అట్టు, అడుగున మిగిలిన కూర, నిలబడి రెండు ముద్దలు... అదీ నా భోజనం. మీలో చాలామందిది కూడా ఇదే కదూ?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగంమందికి పైగా రక్తం తక్కువే.

ఇంటికొచ్చాక మా అత్తయ్యగారు ఒకటే మాటన్నారు. “ఏడుకొండలవాడు నిన్ను పస్తుండమన్నాడుటే? దీపం పెట్టి దణ్ణం పెట్టుకో, అన్నం తిను. ఆయనకి నేను చెప్పుకుంటాలే.” మూడు నెలలు ఐరన్ మాత్రలు వాడి, 12 దాటాకే మళ్ళీ దూరం పెంచాను.

సాధన ఎలా?

వారానికి నాలుగు రోజులు చాలు. మూడు రోజులు కొద్ది దూరం, ఆదివారం ఎక్కువ దూరం. ఏ వారమైనా క్రితం వారం కంటే పదోవంతుకి మించి పెంచకండి. నాలుగో వారం కాస్త తగ్గించండి. మారథాన్ కి మూడు వారాల ముందు ఒకసారి 30 కిలోమీటర్లు పరిగెత్తి, తర్వాత తగ్గించుకుంటూ రావాలి. బి.పి., షుగరు ఉన్నవాళ్ళు డాక్టరుని అడగకుండా మొదలుపెట్టద్దు.

ఎప్పుడేం తినాలి?

ముందు రాత్రి: అన్నం, పప్పుచారు, పెరుగు కడుపునిండా తినండి. అన్నంలోని పిండిపదార్థాన్నే ఒళ్ళు కండల్లోనూ, కాలేయంలోనూ దాచుకుంటుంది. అది అయిపోతేనే 30 కిలోమీటర్లు దాటాక కాళ్ళు మొరాయిస్తాయి. వేపుళ్ళు, పచ్చిమిరప కారాలు ఆ పూటకి వద్దు.

బయలుదేరే ముందు: గంట ముందు రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో తినాలి. ఉత్త కాఫీతో వెళ్ళకండి!

పరుగులో: గంట దాటే పరుగైతే గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. ఒక అరటిపండులో సుమారు 25 గ్రాములుంటుంది. నేను ఒక పండు, నాలుగు ఖర్జూరాలు గంటలో కొంచెం కొంచెంగా తింటాను.

నీళ్ళు: దాహం వేసినప్పుడు తాగండి. ఉత్త నీళ్ళే అదేపనిగా తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి ప్రాణానికే ముప్పు. లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు (టీ చెంచాతో, తలకొట్టి) కలిపి సీసాలో పోసుకోండి.

వచ్చాక: గంటలోపు పెసరట్టు, గుడ్డు, పప్పన్నం వంటివి తింటే అలిసిన కండలు కోలుకుంటాయి.

రోజూ: తోటకూర, ఉలవచారు, శనగలు తింటూ పైన నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. కాఫీ, టీలు భోజనానికి గంట అటూ ఇటూగా ఉంచుకోండి.

ఒక్క ముఖ్యమైన మాట. మారథాన్ రోజున కొత్త తిండి, కొత్త బూట్లు రెండూ వద్దు!

రాగి - ఖర్జూరం ఉండలు

కావలసినవి: రాగిపిండి 1 కప్పు, పల్లీలు అర కప్పు, నువ్వులు పావు కప్పు, గింజ తీసిన ఖర్జూరాలు 12, బెల్లం తురుము అర కప్పు, నెయ్యి 3 పెద్ద చెంచాలు, ఏలకులు 3.

చేసే విధానం: నేతిలో రాగిపిండిని సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. పల్లీలు, నువ్వులు విడిగా వేయించి, పల్లీల పొట్టు తీసి, ఏలకులతో కలిపి బరకగా పొడి చెయ్యండి. ఖర్జూరాలు, బెల్లం మెత్తగా రుబ్బి, అన్నీ కలిపి గోరువెచ్చగా ఉన్నప్పుడే ఉండలు కట్టండి. ఇవి పరుగు తర్వాత తినాలి. ముందు తింటే కడుపు బరువెక్కుతుంది.

మీరు మారథాన్ పరిగెత్తకపోయినా ఫరవాలేదు. తెల్లారి లేస్తే ఇంట్లో మనం పెట్టే పరుగులు తక్కువా? మీ కంచం మీరు వడ్డించుకుని, కూర్చుని తినండి. ఇప్పుడు ఆదివారం నేను ఇంటికొచ్చేసరికి మావారు పెనం వేడిచేసి ఉంచుతున్నారు. మొదటి పెసరట్టు నాదే!