అంకె పక్కన చదవండి

అట్టపెట్టె మీది పెద్ద అక్షరాలు అందరం చూస్తాం. వైర్‌లెస్ హెడ్‌ఫోన్ గురించి అసలు సంగతులు మాత్రం లోపల నాలుగు మడతలు పెట్టిన కాగితంలో, అంకెల పక్కన చిన్న అక్షరాల్లో ఉంటాయి.

కాపీ గురువారం సాయంత్రానికి కావాలని ఎడిటర్ గారు సోమవారం చెప్పారు. వాళ్లమ్మాయికి హెడ్‌ఫోన్ కొందామని వెళ్లి, ఓమ్‌లూ హెర్ట్జ్‌లూ చూసి ఏమీ తోచక తిరిగొచ్చారట. అవన్నీ విడమరిచి రాయమన్నారు. ఒక పట్టిక గీసి, ఎదురుగా అర్థాలు పెట్టేద్దామనుకున్నాను. మంగళవారం రాత్రి కూకట్‌పల్లి నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాక పట్టిక పక్కన పెట్టేశాను.

వాడు ఇంటి నుంచే పనిచేస్తాడు. "పిన్నీ, హెడ్‌ఫోన్ల మీద రాస్తున్నావట కదా. పాట పెడితే తబలా మీద వేలు ఎక్కడ పడిందో కూడా తెలుస్తుంది. మీటింగ్‌లో చేరగానే పాత ల్యాండ్‌లైన్ అయిపోతుంది. పాడైందనుకుని ఒకసారి మార్పించాను. కొత్తదీ అంతే!"

పెట్టెలో వచ్చిన కాగితం విప్పమన్నాను. బ్లూటూత్ ప్రొఫైల్స్ అన్న వరుస వెతకమన్నాను. వాడు కూడబలుక్కుని చదివాడు: ఏ2డీపీ, ఏవీఆర్‌సీపీ, హెచ్‌ఎఫ్‌పీ, హెచ్‌ఎస్‌పీ. వాడి బాధకి కారణం ఆ వరుసలోనే ఉంది.

ఏ2డీపీ పాటల దారి. ఫోన్ నుంచి చెవి దాకా ఒకవైపే నడుస్తుంది, నిండుగా, స్టీరియోలో. హెచ్‌ఎఫ్‌పీ మాటల దారి. అవతలివాళ్ల మాట రావాలి, మన మాట పోవాలి కాబట్టి రెండువైపులా నడవాలి. ఇన్నేళ్లుగా మనం వాడుతున్న బ్లూటూత్‌లో ఈ రెండు దారులూ ఒకేసారి తెరుచుకోవు. హెడ్‌ఫోన్ మైకు పని మొదలుపెట్టగానే పాటల దారి మూతపడుతుంది. మాటల దారిలో మొదటి నుంచీ ఉన్న పద్ధతి ధ్వనిని సెకనుకి 8,000 సార్లు మాత్రమే కొలుస్తుంది. ఎన్నిసార్లు కొలిస్తే అందులో సగం వరకే స్వరం పట్టుబడుతుంది. అంటే 4,000 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు) దగ్గర గోడ కట్టినట్టే. 2011లో వచ్చిన మెరుగైన పద్ధతిలో కొలతలు 16,000 అయ్యాయి, గోడ 8,000 దగ్గరికి జరిగింది. సీడీలో పాటని సెకనుకి 44,100 సార్లు కొలుస్తారు. వాడి చెవి గుర్తుపట్టిన తేడా ఇదే.

ఒకసారి 'స్‌స్' అని సాగదీసి పలకండి. పళ్ల మధ్య నుంచి వచ్చే ఆ గాలి శబ్దంలో బలం చాలావరకు 4,000 హెర్ట్జ్‌కి పైనే ఉంటుంది. ఇరుకు దారిలో అది గోడ అవతలే ఆగిపోతుంది, 'స' వెళ్లి 'ఫ'లా వినిపిస్తుంది. ఫోన్‌లో పేరు రాయించేటప్పుడు "ఎస్ ఫర్ శ్రీను" అని మనందరం ఎందుకు చెబుతామో నాకు ఆ రాత్రి బోధపడింది.

మీటింగ్ సెట్టింగుల్లోకి వెళ్లి, వినడానికి హెడ్‌ఫోన్‌నే ఉంచి, మైకు మాత్రం ల్యాప్‌టాప్‌ది ఎంచుకోమన్నాను. రెండు నిమిషాలు గడిచాయి. "పిన్నీ, వచ్చేసింది!" అన్నాడు. హెడ్‌ఫోన్ మైకు అడ్డు తొలగింది కనుక పాటల దారి మళ్లీ తెరుచుకుంది. ల్యాప్‌టాప్ మైకు నోటికి దూరం కదా, సీలింగ్ ఫ్యాన్ చప్పుడు అవతలివాళ్లకి కాస్త ఎక్కువ వినిపిస్తుంది. ఆ మాత్రం సర్దుకోవాలి. 2020లో ప్రకటించిన ఎల్‌ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతి ఈ ఇరుకుని విప్పడానికి వచ్చిందే. కాకపోతే హెడ్‌ఫోన్‌లోనూ ఉండాలి, అవతలి ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో కూడా ఉండాలి.

బుధవారమంతా సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎం5 స్పెసిఫికేషన్ల కాగితంతో గడిపాను. దాన్ని ఎంచుకోవడానికి కారణం, అంకె పక్కన షరతు కూడా రాయడమే. ఇంపెడెన్స్, అంటే వచ్చే సంకేతానికి హెడ్‌ఫోన్ చూపే అడ్డు, అన్న వరుస చూడండి. కేబుల్ పెట్టి, స్విచ్ వేసి ఉంటే 48 ఓమ్‌లు, ఆపేసి ఉంటే 16. అదే హెడ్‌ఫోన్, అదే చెవి, అంకెలు రెండు! స్విచ్ వేసి ఉన్నప్పుడు కేబుల్‌లో వచ్చిన సంకేతం ముందుగా లోపలి ఆంప్లిఫయర్‌కి చేరుతుంది. ఆపేస్తే నేరుగా స్పీకర్ మీద పడుతుంది. మరి కేబులే లేకుండా వినేవాళ్లకి? ఆంప్లిఫయర్, స్పీకర్ రెండూ లోపలే ఉన్నాయి, ఒకదానికొకటి కుదిరేలా కంపెనీయే చూసుకుంది. బ్లూటూత్‌లోనే వింటామనుకునేవాళ్లు ఓమ్‌ల వరుస వదిలేసి ముందుకు వెళ్లొచ్చు.

తర్వాతి వరుస, హెడ్‌ఫోన్ పలికించే స్వరాల పరిధి: 4 నుంచి 40,000 హెర్ట్జ్. చూడగానే కళ్లు తిరుగుతాయి. ఆ కిందే బ్లూటూత్‌లో అని మరో లెక్క ఉంది: మామూలుగా 20 నుంచి 20,000, ఎల్‌డాక్ అనే కోడెక్‌ని సెకనుకి 990 కిలోబిట్ల వేగంతో నడిపితేనే 40,000 దాకా. ఆరోగ్యమైన కుర్ర చెవి వినేది 20,000 వరకే, వయసు పెరిగేకొద్దీ పైమెట్లు తగ్గిపోతుంటాయి. పైగా ఏ మెట్టు దగ్గర ధ్వని ఎంత లేస్తుందో, ఎంత పడుతుందో ఆ వరుసలో ఉండదు. హైదరాబాద్ నుంచి విజయవాడకి రోడ్డుంది అన్నంత మాటే అది. గుంతల సంగతి చెప్పదు. అందుకే ఈ అంకె చూసి నేనైతే హెడ్‌ఫోన్ కొనను.

కోడెక్ అంటే పాటని కుదించి పంపే పద్ధతి. సీడీ పాటకి సెకనుకి 1,411 కిలోబిట్లు కావాలి. అన్ని బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో తప్పనిసరిగా ఉండే ఎస్‌బీసీ సాధారణంగా 328కి కుదిస్తుంది. ఎల్‌డాక్ ఉందని ఎక్కువ డబ్బు పెట్టేముందు చేతిలోని ఫోన్ చూసుకోవాలి. ఐఫోన్లు ఎస్‌బీసీ, ఏఏసీలకే పరిమితం.

డ్రైవర్ అంటే లోపలి స్పీకర్. పెద్దదైతే మంచిదని షాపుల్లో చెబుతారు. ఇదే సోనీ వరుసలో 2020 నాటి ఎక్స్‌ఎం4లో అది 40 మిల్లీమీటర్లు. 2022లో దాని తర్వాత వచ్చిన ఎక్స్‌ఎం5లో 30కి తగ్గించారు. చేసినవాళ్లే తగ్గించుకున్నారంటే సైజొక్కటే లెక్క కాదన్నమాట.

ఇక్కడిదాకా ఎలా వచ్చామో ఒక్క గుక్కలో చెబుతాను. 1910లో అమెరికాలోని యూటాలో నథానియేల్ బాల్డ్విన్ వంటింట్లో చేసిన హెడ్‌ఫోన్లు అక్కడి నేవీకి చేరాయి. 1958లో జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోన్ తెచ్చాడు. 1978లో విమాన ప్రయాణంలో ఇంజిన్ హోరు భరించలేక అమర్ బోస్ నాయిస్ క్యాన్సిలింగ్ లెక్కలు వేసుకున్నాడు. ఆయన తండ్రి బెంగాల్ నుంచి వలస వెళ్లిన స్వాతంత్ర్య సమరయోధుడు. స్వీడన్‌లో ఎరిక్సన్ కంపెనీ 1994లో మొదలుపెట్టిన పనికి ఒకనాటి డెన్మార్క్ రాజు పేరు మీద బ్లూటూత్ అని పేరొచ్చింది.

బాక్స్: 'వరకు' అన్న మాట

పెట్టె మీద 'వరకు' కనిపిస్తే ఆగండి. 40 గంటల వరకు బ్యాటరీ అంటే చాలాసార్లు నాయిస్ క్యాన్సిలింగ్ ఆపినప్పటి లెక్క. ఎక్స్‌ఎం5లో అది ఆన్‌లో ఉంటే 30. 'ఇన్ని డెసిబెల్స్ వరకు చప్పుడు తగ్గిస్తుంది' అన్నదీ అంతే, ఏ చప్పుడో చెప్పరు. బయటి అలకి ఎదురు అల పుట్టించి రద్దు చేసే ఈ ఏర్పాటు ఒకే తీరున సాగే మంద్ర శబ్దాల మీద బాగా పనిచేస్తుంది. ఆర్టీసీ బస్సులో ఇంజిన్ రొద చాలావరకు అణిగిపోతుంది. కండక్టర్ గొంతూ, హారనూ వినిపిస్తూనే ఉంటాయి. బ్లూటూత్ రేడియో అలలు 10 మీటర్ల దూరం అందుతాయన్నది కూడా మధ్యలో అడ్డేమీ లేనప్పటి మాట. మన ఒంట్లోని నీరు ఆ రేడియో అలల్ని మింగుతుంది కాబట్టి ఫోన్ వెనక జేబులో పెట్టుకున్నా పాట తెగొచ్చు.

బాక్స్: కాగితంలో దొరకని లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటలు వినొచ్చు. 90కి పెంచితే 4 గంటలే. పది డెసిబెల్స్ పెరిగేసరికి వ్యవధి పదో వంతు! మా అక్క కొడుకు వారంలో యాభై గంటలు హెడ్‌ఫోన్ పెట్టుకునే ఉంటాడు. బుధవారం రాత్రి మళ్లీ ఫోన్ చేసి, వాడి మొబైల్ సెట్టింగుల్లో హెడ్‌ఫోన్ శబ్దానికి 75 దగ్గర హద్దు పెట్టించాను.